గదులు చెప్పి తలుపులు మరిచిన పాఠం

జువాలజీ ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైన నాకు చేప గుండె ఎక్కడుంటుందో తీసి చేతిలో పెట్టి చూపించింది బూర్గంపాడులో చేపలు కోసే ఆవిడ. ఆవిడ బడికి పోయింది ఒకే ఒక్క రోజట. ఆ రోజు కూడా పలక మరిచిపోయి పోయిందట. ఈ సంగతి బయటికి చెప్తే నా డిగ్రీలకు నామర్దా అని పన్నెండేళ్ళు కడుపులో దాచుకున్నాను. పోయిన నెల ఆవిడ చనిపోయింది. ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

ఊళ్ళో అందరూ చేపలక్క అనేవాళ్ళు. నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. అసలు పేరు ఆసుపత్రి కాగితాల మీద ఒకసారి చూసి, ఇదెవరబ్బా అనుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాస్తే ఊరివాళ్ళెవరూ ఆవిడని గుర్తు పట్టరు, అందుకే రాయడం లేదు.

బస్సులు ఆగే చోటికి కాస్త ఎడంగా ఒక సిమెంటు దిమ్మె, పైన నీలం పట్టా, దిమ్మె మీద కత్తిపీట. అదీ ఆవిడ రాజ్యం. ఎవరొచ్చినా ముందు బొటనవేలితో చేప మొప్ప లేపి, ఎర్రగా ఉందో లేదో చూసుకొమ్మనేది. తర్వాతే ధర. ధర చెప్పేటప్పుడు మనిషి మొహం చూసేది కాదు, చూస్తే తగ్గించాల్సి వస్తుందని. తను మాత్రం చేప ముట్టేది కాదు. ముప్పై ఏళ్ళు చేపలు కోసిన మనిషి ఇంటికి పోయి పప్పుచారుతో అన్నం తినేది. ఎందుకక్కా అంటే, మిఠాయి కొట్టాయన మిఠాయి తింటాడా అని ఎదురు ప్రశ్న వేసేది.

ఆదివారాలు ఆవిడకో ధర్మసంకటం ఉండేది. చేపల గిరాకీ ఆదివారమే, చర్చీ ఆదివారమే. తెల్లవారి మొదటి ఆరాధనకు వెనక వరసలో తలుపు దగ్గర కూర్చుని, ప్రసంగం సగంలో ఉండగానే ముసుగు సర్దుకుని లేచి వచ్చేసేది. పాస్టరుగారు ఒకసారి మందలించారట. యేసయ్య దగ్గర మొదట చేరినోళ్ళు చేపలోళ్ళే, ఆదివారం గిరాకీ సంగతి ఆయనకు తెలియనిదా అని అడిగిందట. పాస్టరుగారు ఆ తర్వాత మందలించలేదు.

మాది సత్తుపల్లి వైపు. చేపలక్క మాట్లాడే గట్లా గిట్లా అనే మాటలు నాకు చిన్నప్పటి నుంచి చెవిన పడుతున్నవే గానీ, నోట పలికేవి కావు. ఉద్యోగం దొరికింది ఇక్కడ గోదావరి ఒడ్డున ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. చేరిన ఏడాదే కాలేజీ యజమాని జువాలజీ ఎత్తేస్తే పోలా అనే ఆలోచనలో ఉన్నాడు. ఎత్తేస్తే ముందు ఎత్తబడేది నేను. పిల్లల చేత జంతువుల్ని కోయించకూడదని అప్పటికే నియమం వచ్చింది. లెక్చరరు ఒక్కడు కోసి చూపిస్తే చాలు. చేప గుండె, రక్తప్రసరణ పాఠం రోజున తనూ వచ్చి కూర్చుంటానన్నాడు యజమాని.

నేను చదువుకున్న చోట చేప గుండె ఒక సీసాలో ఉండేది. మందునీళ్ళలో నాని నాని తెల్లబడి, చింతగింజంత ఉండేది. దాన్ని చూసి బొమ్మ గీశాను, బొమ్మను చూసి పరీక్ష రాశాను. అంతకు మించి మా ఇద్దరికీ పరిచయం లేదు. అయినా ధైర్యంగా పొద్దున్నే పోయి, కాలేజీలో పిల్లలకు కోసి చూపించాలి, రెండు బొచ్చె చేపలివ్వు అక్కా అని అడిగాను. ఇస్త్రీ చొక్కాకు వాసన అంటుకుంటుందని ఆమడ దూరంలో నిలబడి, మూతి కట్టిన కవరు కొసలు పట్టుకుని కాలేజీకి వచ్చాను.

క్లాసు నిండా పిల్లలు. ముందు వరసలో యజమాని. ట్రేలో పరిచి చూద్దును గదా, రెండు చేపలూ పెళ్ళికి పోతున్నట్టు ఉన్నాయి. పొలుసు లేదు, రెక్కలు లేవు, పొట్ట శుభ్రం, మొప్పలు లేవు. బూడిద వేసి రుద్ది, మూడు నీళ్ళలో కడిగి ఇచ్చింది మహాతల్లి. చేప గుండె ఉండేది గొంతు కింద, మొప్పల వెనకే. మొప్పలు లాగితే అదీ ఊడి వస్తుంది. నేను కత్తెరతో అటూ ఇటూ వెతికి, చివరికి వేలు పెట్టి, "గుండె ఇక్కడ ఉండేది" అన్నాను. భూతకాలంలో గుండె పాఠం చెప్పిన జువాలజీ లెక్చరరు అంతకు ముందు ఉండి ఉండడు. ఒక పిల్ల, మరి ఇప్పుడు ఎక్కడుంది సార్ అని మర్యాదగానే అడిగింది. యజమాని గడియారం చూసుకున్నాడు.

సాయంత్రం ఆ కవరు తీసుకుని చేపలక్క మీదికి పోట్లాటకు పోయాను. ఆవిడ నా మాట అంతా విని, ఏమీ నొచ్చుకోకుండా, పిల్లలు చదువుకునేటోళ్ళు, చేతులకు నెత్తురు గిత్తురు అంటుతుందని తానే సాఫు చేసి ఇచ్చానంది. పైగా దానికి కూలి కూడా తీసుకోలేదని గుర్తు చేసింది. ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది.

"గుండె కావాల్నా? గంతేగా. దానికి మొకం గట్ల పెట్టుకుంటవేంది సారూ."

బకెట్లోంచి ఒక కొర్రమట్టను తీసి, తల మీద ఒక్కటిచ్చి, గొంతు కింద చిన్న గాటు పెట్టి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి తీసి నా అరచేతిలో పెట్టింది. అది కొట్టుకుంటోంది. ముదురెరుపుగా, ముందు చిన్న తెల్ల ముక్కుతో, రేగుపండంత ఉంది. చేప దిమ్మె మీద ఉంది, గుండె నా చేతిలో ఉంది, అయినా లయ తప్పకుండా కొట్టుకుంటోంది. ఎమ్మెస్సీ చదివిన నేను అక్కడ నిలబడి నోరు తెరిచి చూశాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నన్ను చూశారు. చొక్కా సంగతి మరిచిపోయాను.

ఇది ఏం జేస్తది అని అడిగింది ఆవిడ. వేల సార్లు తీసి పారేసిన దాని గురించి మొదటిసారి అడుగుతోంది. నేను దిమ్మె అంచున కూర్చుని చెప్పాను. మన గుండెకు నాలుగు గదులు, కప్పకు మూడు, చేపకు రెండే. ఒళ్ళంతా తిరిగి నల్లబడిన రక్తం పై గదిలోకి వస్తుంది, కింది గదిలోకి దిగుతుంది, అక్కడి నుంచి మొప్పలకు పోతుంది. మొప్పల దగ్గర నీళ్ళలోని గాలి అందుకుని ఎర్రబడి, మళ్ళీ గుండెకు రాకుండా తిన్నగా ఒంట్లోకే పోతుంది. మన రక్తం ఒక చుట్టుకు రెండుసార్లు గుండెకొస్తుంది, చేప రక్తం ఒక్కసారే.

ఆవిడ నా అరచేతి మీదికి వంగి చూసింది. "ముప్పై ఏండ్ల సంది మొప్ప లేపి ఎరుపు జూపిస్తున్న. గా ఎరుపు పంపేది గిదా? మరి గిన్ని చేసినా దానికి మంచి రక్తం కండ్ల జూసే యోగం లేదాయె." తర్వాత నా చేతిలోంచి ఆ గుండెను తీసుకుని, దిమ్మె మీద ఆకు పరిచి దాని మీద పెట్టింది. ఆగేదాకా పారెయ్యబుద్ధి కాలేదంది.

మరుసటి వారం ఆవిడను క్లాసుకు తీసుకుపోయాను. యజమాని ఆవిడ అర్హత ఏమిటని అడిగితే, ఫీల్డ్ ఎక్స్‌పర్ట్ అన్నాను. ఇంగ్లీషులో చెప్పాను కాబట్టి నమ్మాడు. ఆవిడ కోసేది, నేను పేర్లు చెప్పేవాణ్ణి. కర్ణిక, జఠరిక అని నేను అంటుంటే, మన ఇండ్లల్ల పై అర్ర, కింది అర్ర అనుకోండి బిడ్డా అని సర్దేది. తలొంచుకుని నోట్సు రాసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది ఆవిడకు. ముందు సూడు, రాసుడు తర్వాత, రాసింది యాడికి పోదు, గుండె ఆగుతది అనేది. కోసిన చేపలు మట్టిపాలు కాకూడదని హాస్టలు వంటింటికి తనే మోసుకుపోయేది. ఆ రోజు హాస్టల్లో చేపల పులుసు కాబట్టి, రక్తప్రసరణ పాఠానికి గైర్హాజరనేదే ఉండేది కాదు. జువాలజీ బతికింది. నేనూ బతికాను. ఏటా అదే ఏర్పాటు అయిపోయింది.

క్లాసులో విన్నదంతా ఆవిడ దిమ్మె దగ్గరికి తీసుకుపోయింది. గీచి గీచి బేరమాడే ఒక మాస్టారితో, నేను పక్కన ఉండగానే, "రెండు గదుల గుండె దాంది, నాలుగు గదుల గుండె నీది. గీ చాపకున్నంత దయ గూడ నీకు లేదేంది" అంది. ఆయన ఆవిడ చెప్పిన ధరకే తీసుకుపోయాడు. నా పాఠం లోకంలో ఎవరికైనా పనికి రావడం అదే మొదలు. లోపల ఎంతో పొంగిపోయాను.

ఆ పొంగు నాలుగేళ్ళు. నాలుగో ఏడు ఆవిడకు ఆయాసం మొదలైంది. చేప బకెట్టు ఎత్తితే ఆగి ఆగి ఊపిరి తీసుకునేది. కాళ్ళు వాచాయి. కూతురు బలవంతాన ఖమ్మం తీసుకుపోయింది. చిన్నప్పుడు వచ్చి పోయిన జ్వరం ఏదో గుండె గదుల మధ్య ఉండే ఒక కవాటాన్ని పాడుచేసి పోయిందని, ఆపరేషన్ చేసి మార్చకపోతే రెండేళ్ళు కూడా కష్టమని చెప్పారు. సర్కారు కార్డు మీద ఖర్చు లేకుండా హైదరాబాద్‌లో చేస్తారన్నారు. అన్నీ కుదిరాయి. ఈవిడే ససేమిరా అంది.

కూతురు కాలేజీకి వచ్చింది. తల్లిలాగే మాట దాచుకునే మనిషి కాదు.

"మీ వల్లనే సార్. నాకు నాలుగు గదులున్నయంట, ఒకటి పోయినా మూడుంటయి, చాప కన్న ఒకటి ఎక్కువనే, చాప బతుకుతలేదా అంటున్నది అమ్మ. గీ మాట మీరేగా చెప్పింది. మీరే వాపసు తీసుకోండి."

నాకు నవ్వొచ్చింది. తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. లెక్కలో తప్పు లేదు. తప్పంతా నా పాఠంలో ఉంది.

మొదట కాగితం మీద బొమ్మ గీసి తీసుకుపోయాను. నాలుగు గదులు ఎర్ర సిరా, నీలం సిరాలతో అందంగా గీశాను. ఆవిడ మర్యాదగా చూసి పక్కన పెట్టింది. కాసేపటికి ఒక గిరాకీ వస్తే అదే కాగితంలో వంజరం ముక్కలు చుట్టి ఇచ్చింది. మర్నాడు పోయి, మనిషికి చేపకు పోలిక కుదరదక్కా అని మొదలుపెట్టాను. నాలుగేళ్ళు పోలిక పెట్టి చెప్పి, నా కాడికి వచ్చేసరికి కుదరదా అంది. ఇంటికొచ్చి పాత పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆవిడ చచ్చిపోతే చంపింది నేనే అవుతానని తెలుస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున, ఆవిడ చర్చి నుంచి రాకముందే దిమ్మె దగ్గర కాపు కాశాను. జేబులో ల్యాబు కత్తెర, సన్న సూది, సిరా పోసే ఫిల్లర్ ఉన్నాయి. ఆవిడ రాగానే, ఉన్నవాటిలో అన్నింటికన్నా పెద్ద బొచ్చె కోసి దాని గుండె ఇవ్వమన్నాను. ఎనిమిది కిలోల చేప. గుండె నిమ్మకాయకు కాస్త తక్కువగా ఉంది. పై గదిని కత్తెరతో తీసేశాను. గుండె జారిపోతుంటే ఆవిడ విసుక్కుని, నేను పడతా, నువ్వు కొయ్యి అని గుండెను తన వేళ్ళ మధ్య పట్టుకుంది. కింది గదికి ముందున్న తెల్ల ముక్కులోంచి లోపలిదాకా ఫిల్లర్ పెట్టి నీళ్ళు వదిలాను. గది ఉబ్బింది. పైన రెండు పల్చటి పొరలు, ఉల్లిపొర కన్నా పల్చటివి, దగ్గరికొచ్చి అతుక్కున్నాయి. ఒక్క చుక్క పైకి రాలేదు.

"చూశావా అక్కా, తలుపు పడింది" అన్నాను.

ఇంకోసారి పొయ్యి అంది. పోశాను. మళ్ళీ పడింది. అప్పుడు సూదితో ఒక పొరను పట్టి, కత్తెర కొసతో కొంచెం చింపాను. గోరంత కూడా కాదు, గోటి అంచంత. నీళ్ళు వదిలితే గది ఉబ్బలేదు. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పైకి కారి ఆవిడ వేళ్ళ మీదుగా దిమ్మె మీద పడ్డాయి. మళ్ళీ పోశాను, మళ్ళీ కారాయి.

చేపలు కొనడానికి వచ్చిన నలుగురు మా చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఆవిడ ఆ గుండెను తిప్పి తిప్పి చూసి, "గది మంచిగనే ఉన్నది గదా" అంది.

"గది బాగానే ఉందక్కా. తలుపే పడటం లేదు."

"గిది బతుకుతదా?"

"బతకదు."

ఆవిడ నా మొహం కేసి చూసింది. ధర చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడని మనిషి.

"నాలుగేండ్ల సంది గదులు లెక్కపెట్టిస్తివి గని సారూ, తలుపుల సంగతి ఒక్కనాడన్న చెప్పకపోతివి."

నిజం. కవాటాలు అనే మాట క్లాసులో ఒక్క ఊపిరిలో అనేసి దాటిపోయేవాణ్ణి. పరీక్షలో దానికి అర మార్కు. ఆ రోజు ఆ దిమ్మె దగ్గర పడ్డంత సిగ్గు నేను బతుకులో ఇంకెప్పుడూ పడలేదు. తప్పయింది అక్కా అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, సరే, ఎప్పుడు పోదాం అంది.

హైదరాబాద్‌కు నేనూ పోయాను. డాక్టరు రెండు రకాల తలుపులు చూపించారు. ఒకటి లోహంది, జీవితాంతం ఉంటుంది, కానీ రక్తం పల్చబడే మాత్రలు రోజూ మింగాలి, కత్తి తెగితే రక్తం ఒక పట్టాన ఆగదు. రెండోది పశువు గుండె పొరతో చేసింది, పదేళ్ళో పన్నెండేళ్ళో వస్తుంది, మూడు నెలలు జాగ్రత్తగా ఉంటే తర్వాత కత్తి పట్టుకోవచ్చు. చాపది లేదా సారూ అని అడిగింది. డాక్టరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు, నిజంగానే అడిగింది. లేదంటే, అయితే పశువుదే పెట్టమంది. కత్తిపీట లేకుండా ఏండ్లకేండ్లు బతికి ఎవల మొకం చూడాలె అంది.

ఆపరేషనైన అయిదో రోజు చూడబోతే, అద్దం తెప్పించుకుని ఎదమీది కుట్లు పరీక్షిస్తోంది. కుట్లు సాఫుగున్నాయట. కోత మాత్రం కింద బెత్తెడు మేర వంకర పోయిందట, డాక్టరు తన దగ్గర నాలుగు రోజులు కూర్చుంటే నేర్పేదాన్నంది. ఈ మాట డాక్టరుతో కూడా అన్నదని నర్సు చెప్పింది.

మూడు నెలలు కత్తిపీట ముందు కూతురు కూర్చుంది, వెనక కుర్చీలో ఈవిడ. ఆ కూతురి కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. మొప్ప గట్ల లేపుతరా, పొలుసు గిట్ల గీకుతరా అని నోరు ఆగేది కాదు. ఆయాసం తగ్గిందనడానికి డాక్టరు రిపోర్టు అక్కర్లేకపోయింది. నాలుగో నెల కుర్చీ కూతురికిచ్చి తను దిమ్మెక్కింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు కోసింది. క్లాసుకు వచ్చినప్పుడు నన్ను నోరు తెరవనిచ్చేది కాదు. గదులు సారు చెప్తడు, తలుపులు నేను చెప్తా అని ఫిల్లర్ నా చేతిలోంచి లాక్కునేది. తలుపు చింపి నీళ్ళు కార్చేటప్పుడు పిల్లలందరినీ దగ్గరికి పిలిచేది. తన పైటకొంగు కాస్త జరిపి మచ్చ పైకొస చూపించి, నాకు పెట్టింది గిసొంటిదే అని చెప్పేది. ఒక ఏడు ఒక పిల్లవాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. వాడిప్పుడు భద్రాచలంలో మందుల షాపు పెట్టుకున్నాడు.

రెండేళ్ళ కిందట నేను సత్తుపల్లికి మారాను. పోయిన నెల కబురు తెలిసేసరికి సమాధి కూడా అయిపోయింది. ఆదివారం బయల్దేరి పోయాను. నీలం పట్టా కింద కూతురు కోస్తోంది. నన్ను చూసి కత్తిపీట వదిలి లేచింది. గిరాకీ వాళ్ళను ఆగమంది.

చివరి నెల మళ్ళీ ఆయాసం వచ్చిందట. ఖమ్మంలో పరీక్షలన్నీ చేశారట. అయ్యో, పశువుది పెట్టించాం, లోహంది పెట్టిస్తే ఇంకా బతికేదేమో, ఆ రోజు నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది అని నేను గొణిగాను. దారంతా ఆ మాటే నన్ను తింటోంది. ఆ అమ్మాయి తలడ్డంగా ఊపింది.

"అమ్మ మీకొక మాట చెప్పమన్నది సార్. డాక్టరు నోట రెండుసార్లు చెప్పించుకుని మరీ చెప్పింది. తలుపు కడదాక మంచిగనే పడ్డదంట. ఈసారి తప్పు గదులదేనంట, అలిసిపోయినయంట. సారు రందిపెట్టుకుంటడు, ముందుగాల ఆయనకు చెప్పు అన్నది. పిల్లలకు రెండు సంగతులూ చెప్పుమన్నది."

ఆ అమ్మాయి కట్టిచ్చిన చేప పట్టుకుని బస్సెక్కాను. పాల్వంచ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. కొత్తగూడెం దగ్గర కవరు విప్పి చూస్తే, చేప పొలుసు తీసి, బూడిదతో రుద్ది, మొప్పలు లాగేసి, పెళ్ళికి పోతున్నట్టు ఉంది. గుండె మాత్రం విడిగా ఆకులో చుట్టి పక్కన పెట్టి ఉంది. పైకే నవ్వాను. పక్క సీటాయన నన్నూ, ఆకునూ చూసి, లేచి వెనక సీటుకు పోయాడు.